పార్టీ టికెట్ తగాదాలు, న్యాయస్థానాలు

ఒక పార్టీ తరఫున ఎన్నికల్లో ఎవరు నిలబడాలి, ఆ సంగతి తేల్చే హక్కు ఎవరిది అన్న పేచీ కోర్టుకెక్కితే దాన్ని అభ్యర్థిత్వ వివాదం అంటారు. నైజీరియాలో ప్రతి సాధారణ ఎన్నికల ముందూ ఇలాంటి దావాలు వందల్లో పడతాయి. తెలుగు రాష్ట్రాల్లోనూ టికెట్ల గొడవ తక్కువేమీ కాదు. గాంధీభవన్ ముందు ధర్నాలు, కండువాలు తగలబెట్టడాలు, రెబల్ నామినేషన్లు, చివరి గంటలో బుజ్జగింపులు ఎన్నికలొచ్చిన ప్రతిసారీ చూస్తూనే ఉంటాం. అయినా ‘ఈ సీటు నాకు రావాల్సింది’ అన్న ఒక్క వాదనతో కోర్టులో నెగ్గే దారి భారతీయ చట్టంలో లేదు. అంతమాత్రాన తగాదా ఆగిపోదు. నామినేషన్ పరిశీలనగానో, తప్పుడు అఫిడవిట్‌గానో, ఎన్నికల గుర్తుపై వివాదంగానో, ఫిరాయింపు ఫిర్యాదుగానో వేషం మార్చుకుని అదే కోర్టు మెట్లెక్కుతుంది. హైదరాబాద్ నడిబొడ్డున ఆనుకుని ఉన్న అమీర్‌పేట, పంజాగుట్టల ఇటీవలి రాజకీయ చరిత్రలో ఈ వేషాల్లో కొన్ని చూడవచ్చు.

నైజీరియా దారి

నైజీరియా సుప్రీంకోర్టు కూడా మొదట్లో ఈ విషయంలో చేతులు కట్టుకునే ఉంది. 1983లో ఒనువోహా, ఒకాఫోర్ కేసులో అభ్యర్థి ఎంపిక పార్టీ ఇంటి వ్యవహారమని, అందులో కోర్టుకు పని లేదని తేల్చింది. 2006 ఎన్నికల చట్టం దీన్ని కొంత మార్చింది. ఒకసారి పంపిన అభ్యర్థి పేరును పార్టీ మార్చాలంటే సరైన, నిరూపించదగిన కారణం చూపాలని షరతు పెట్టింది. పార్టీలు దాన్ని తేలిగ్గా తీసుకున్నాయి. ఇమో రాష్ట్రంలో గవర్నర్ అభ్యర్థి అరారుమే పేరు తీసేసి, పొరపాటున పంపామని అప్పటి పాలక పార్టీ పీడీపీ ఒక్క మాటతో సరిపెట్టింది. అది కారణమే కాదని 2007 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

అసలు సంచలనం అదే ఏడాది అక్టోబర్ 25న వచ్చింది. రివర్స్ రాష్ట్రంలో గవర్నర్ అభ్యర్థిని ఎంచుకోవడానికి పీడీపీ జరిపిన ప్రాథమిక ఎన్నికలో గెలిచింది రోటిమి అమేచీ. పార్టీ ఆయన పేరు తీసేసి సెలెస్టైన్ ఒమేహియాను నిలబెట్టింది. ఏప్రిల్‌లో ఒమేహియా గెలిచాడు, మే 29న ప్రమాణం చేశాడు, అయిదు నెలలు పాలించాడు. చట్టం దృష్టిలో అభ్యర్థి మొదటి నుంచీ అమేచీయేనని, జనం ఓటేసింది పార్టీకేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బ్యాలెట్ మీద పేరు లేని మనిషి, ప్రచారం చేయని మనిషి, గవర్నర్ కుర్చీలో కూర్చున్నాడు. న్యాయం జరిగిందన్నవాళ్లూ ఉన్నారు, ఓటరును పక్కన పెట్టేశారన్నవాళ్లూ ఉన్నారు. రెండో మాటలో బలం ఎక్కువుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఎన్నికల దశలన్నిటిలో పాల్గొననివారిని ట్రిబ్యునళ్లు విజేతగా ప్రకటించకూడదని 2010 చట్టంలో ఒక సెక్షన్ చేరిందంటే, ఆ దేశపు శాసనకర్తలకూ అదే గుచ్చుకుందనుకోవాలి.

2018లో చేసిన రాజ్యాంగ సవరణ ఈ కేసులకు గడువులు పెట్టింది. సంఘటన జరిగిన 14 రోజుల్లో దావా వేయాలి, 180 రోజుల్లో తీర్పు రావాలి, అప్పీలు 60 రోజుల్లో తేలాలి. 2022 ఎన్నికల చట్టం 84వ సెక్షన్ ప్రాథమిక ఎన్నికలు ఎలా జరపాలో చెప్పి, అన్యాయం జరిగిందనుకున్న ఆశావహుడికి ఫెడరల్ హైకోర్టు తలుపు తెరిచింది.

తలుపు తెరిస్తే ఏమవుతుందో జంఫారా రాష్ట్రం చూపించింది. 2019 ఎన్నికల్లో అక్కడ ఏపీసీ పార్టీ గవర్నర్ పదవి సహా దాదాపు అన్నీ గెలుచుకుంది. ఆ పార్టీ చెల్లుబాటయ్యే ప్రాథమిక ఎన్నికలే జరపలేదు కాబట్టి దానికి పడిన ఓట్లన్నీ వృథా ఓట్లని మే 24న సుప్రీంకోర్టు ప్రకటించింది. కొత్త గవర్నర్ ప్రమాణానికి అప్పటికి అయిదు రోజులే ఉంది. రెండో స్థానంలో ఉన్న పీడీపీ అభ్యర్థి బెల్లో మతవాలే గవర్నర్ అయ్యాడు. ఇక 2023 ఫిబ్రవరి 6న వచ్చిన యోబె ఉత్తర సెనేట్ సీటు తీర్పు ఇంకో రకం. ప్రాథమిక ఎన్నిక గెలిచింది బషీర్ మచినా. అప్పటి సెనేట్ అధ్యక్షుడు అహ్మద్ లవాన్ దేశాధ్యక్ష పదవి అభ్యర్థిత్వానికి పోటీపడి ఓడి, మళ్లీ ఈ సీటు కోసం వచ్చాడు. మోసం ఆరోపించే దావాను వేయాల్సిన పద్ధతిలో వేయలేదంటూ మచినా వాదనను 3–2 మెజారిటీతో తోసిపుచ్చి లవాన్‌నే అభ్యర్థిగా కోర్టు గుర్తించింది. ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయన్న ప్రశ్న, దావా కాగితం ఏ రకానిదన్న ప్రశ్న దగ్గర ఓడిపోయింది.

మన దగ్గర: మూసిన తలుపు

భారతదేశంలో ఈ తలుపు మొదటి సాధారణ ఎన్నికలు పూర్తి కాకముందే మూసుకుంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో, అంటే ఆంధ్ర జిల్లాలు కూడా అందులోనే ఉన్న రోజుల్లో, సేలం జిల్లా నమక్కల్‌లో ఎన్.పి. పొన్నుస్వామి నామినేషన్‌ను రిటర్నింగ్ అధికారి తిరస్కరించారు. ఆయన హైకోర్టుకు, అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1952 జనవరి 21న సుప్రీంకోర్టు రాజ్యాంగంలోని 329(బి) అధికరణాన్ని చూపి, నోటిఫికేషన్ నుంచి ఫలితం దాకా జరిగేదంతా ఎన్నికేనని, మధ్యలో కోర్టులు వేలు పెట్టకూడదని చెప్పింది. ఏ అభ్యంతరమైనా ఫలితం వచ్చాక ఎన్నికల పిటిషన్‌గానే రావాలి. డెబ్బై ఏళ్లు దాటినా పునాది అదే.

రెండో గోడ పార్టీల చట్టానికి సంబంధించింది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1989 నుంచి అమల్లోకి వచ్చిన 29ఎ సెక్షన్ కింద పార్టీ నమోదు కావాలంటే రాజ్యాంగానికి, సామ్యవాదానికి, లౌకికవాదానికి, ప్రజాస్వామ్యానికి కట్టుబడతామని రాసివ్వాలి. టికెట్ ఎలా ఇవ్వాలో మాత్రం ఆ చట్టం ఎక్కడా చెప్పదు. ప్రాథమిక ఎన్నిక జరపాలనదు. సర్వే చేయించి ఇచ్చినా, అధినేత ఇంట్లో కూర్చుని ఇచ్చినా, ఢిల్లీ నుంచి జాబితా దించినా చట్టానికి తేడా లేదు. పార్టీల్లో అంతర్గత ప్రజాస్వామ్యం కోసం చట్టం చేయాలని లా కమిషన్ 1999లో తన 170వ నివేదికలో, 2015లో 255వ నివేదికలో కోరింది. ఏ పార్టీ ప్రభుత్వమూ ఆ ఫైలు కదపలేదు. ఎందుకు కదుపుతుంది?

కాబట్టి మన దగ్గర పార్టీ అభ్యర్థి ఎవరన్నది తేల్చేది ఒక కాగితం. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు 13వ పేరా దాని పుట్టిల్లు. పార్టీ తరఫున సంతకం చేసే అధికారం ఎవరిదో, ఆ సంతకం ఎలా ఉంటుందో చెప్పేది ఏ ఫారం. ఫలానా నియోజకవర్గంలో మా అభ్యర్థి ఫలానా అని చెప్పేది బీ ఫారం. ఈ రెండూ నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటలలోపు రిటర్నింగ్ అధికారి చేతికి అందాలి. సంతకం సిరాతో ఉండాలి, ముద్ర సంతకం చెల్లదు, జిరాక్సు చెల్లదు. మూడు దాటి అయిదు నిమిషాలకు అందిన బీ ఫారంతో గుర్తు రాదు.

బీ ఫారంలో అసలు అభ్యర్థి పేరుతోపాటు ప్రత్యామ్నాయ అభ్యర్థి పేరుకూ చోటుంటుంది. అసలు వ్యక్తి నామినేషన్ పరిశీలనలో పోతే రెండోవాడు పార్టీ అభ్యర్థి అవుతాడు. పార్టీ మనసు మార్చుకుంటే, మొదటి బీ ఫారం రద్దు చేస్తున్నామని స్పష్టంగా రాసి, అదే గడువులోపు ఇంకొకటి ఇవ్వవచ్చు. రద్దు మాట లేకుండా ఇద్దరికి బీ ఫారాలు ఇస్తే ముందుగా నామినేషన్ వేసినవారినే పార్టీ అభ్యర్థిగా లెక్కిస్తారు. ఆఖరి రోజున అభ్యర్థి అనుచరులు ఆర్డీవో కార్యాలయం ముందు ఫోన్లు పట్టుకుని చెమటలు కక్కడం వెనుక ఉన్నది ఈ నియమమే. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, మిగతావాళ్లకు పదిమంది కావాలి. టికెట్ వస్తుందన్న ధీమాతో ఒకే సంతకంతో నామినేషన్ వేసి, బీ ఫారం అందక పరిశీలనలోనే పోయేవాళ్లు అందుకే ఉంటారు. తెలివైన ఆశావహుడు పది సంతకాలతో ఇంకో సెట్టు కూడా వేస్తాడు.

నైజీరియా కోర్టు ప్రాథమిక ఎన్నికలో గెలిచిందెవరని అడుగుతుంది. మన రిటర్నింగ్ అధికారి సంతకం ఎవరిది, ఎన్ని గంటలకు అందింది అని అడుగుతారు. మొదటి ప్రశ్నలో న్యాయం ఎక్కువ, అనిశ్చితి కూడా ఎక్కువే. రెండో ప్రశ్న చప్పున తేలిపోతుంది, అయితే టికెట్ దక్కని కార్యకర్త గోడు వినే చోటు ఇందులో ఎక్కడా ఉండదు.

ఫలితం వచ్చాక: ఎన్నికల పిటిషన్

1966 సవరణ తర్వాత ఎన్నికల పిటిషన్లు ట్రిబ్యునళ్ల నుంచి హైకోర్టులకు మారాయి. ఫలితం ప్రకటించిన 45 రోజుల్లో అభ్యర్థిగానీ ఓటరుగానీ వేయవచ్చు. తాను సక్రమంగా నామినేట్ అయ్యానని చెప్పుకునే మనిషి కూడా చట్టం దృష్టిలో అభ్యర్థే. 100వ సెక్షన్‌లో ఒక విచిత్రమైన తూకం ఉంది. ఎవరి నామినేషన్‌నైనా అన్యాయంగా తిరస్కరించారని తేలితే చాలు, ఎన్నిక మొత్తం రద్దవుతుంది. అన్యాయంగా ఆమోదించారంటే మాత్రం దానివల్ల ఫలితం మారిందని చూపాలి. ఆ తప్పుడు నామినేషన్ గెలిచినవారిదే అయితే ఆ రుజువు అక్కర్లేదని 2016లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందుకే ఇటీవలి తెలంగాణ కేసుల్లో కొన్ని గెలిచినవారి అఫిడవిట్ల చుట్టూ తిరుగుతున్నాయి.

వీటిలో కొత్తగూడెం కేసు నైజీరియా కథలకు బాగా దగ్గర. 2018 డిసెంబర్‌లో కాంగ్రెస్ తరఫున వనమా వెంకటేశ్వరరావు గెలిచారు, టీఆర్ఎస్ అభ్యర్థి జలగం వెంకట్రావు ఓడారు. ఆస్తుల వివరాలు దాచారంటూ జలగం హైకోర్టుకు వెళ్లారు. పిటిషన్ నడుస్తుండగానే వనమా టీఆర్ఎస్‌లో చేరిపోయారు. ఇప్పుడు ఒకే పార్టీలో ఇద్దరు, ఒకరి సీటు మీద ఇంకొకరి కేసు. రెండు పార్టీల మధ్య మొదలైన వ్యాజ్యం ఒకే పార్టీలో టికెట్ పోరుగా మారిపోయింది. 2023 జూలై 25న తెలంగాణ హైకోర్టు వనమా ఎన్నిక చెల్లదని, 2018 నుంచీ ఎమ్మెల్యే జలగమేనని తీర్పిచ్చి, వనమాకు 5 లక్షల రూపాయల జరిమానా వేసింది. ఆగస్టు 7న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఆ నెలలోనే పార్టీ 2023 ఎన్నికల టికెట్లు ప్రకటించింది. కొత్తగూడెం టికెట్ వనమాకే దక్కింది. ఎమ్మెల్యేగా హైకోర్టు ప్రకటించిన జలగం ఫార్వర్డ్ బ్లాక్ బీ ఫారం తెచ్చుకుని పోటీ చేశారు. చివరికి గెలిచింది సీపీఐ అభ్యర్థి కూనంనేని సాంబశివరావు. అమేచీకి కోర్టు గవర్నర్ పదవి ఇప్పించగలిగింది. జలగానికి కోర్టు తీర్పు చేతికొచ్చినా సొంత పార్టీ టికెట్ రాలేదు. రెండు వ్యవస్థల మధ్య తేడా ఇంతకంటే వివరంగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు.

అదే ఆగస్టులో గద్వాల ఎమ్మెల్యే బండ్ల కృష్ణమోహన్‌రెడ్డి ఎన్నికను కూడా అఫిడవిట్ కారణంగానే హైకోర్టు రద్దుచేసి డి.కె. అరుణను విజేతగా ప్రకటించింది. అదీ సుప్రీంకోర్టు స్టేతో ఆగింది. పిటిషన్‌ను ఆరు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం అంటుంది. అయిదేళ్ల పదవిలో నాలుగేళ్ల ఎనిమిది నెలలు గడిచాక తీర్పు వస్తే గెలిచినవారికి మిగిలేదేమిటి? వేములవాడలో చెన్నమనేని రమేష్ పౌరసత్వంపై ఆది శ్రీనివాస్ మొదలుపెట్టిన పోరాటం మరీ దీర్ఘం. 2009 ఎన్నికతో మొదలైన ఆ వివాదంలో, రమేష్ జర్మన్ పౌరుడేనని హైకోర్టు తేల్చి 30 లక్షల రూపాయలు కట్టమన్నది 2024 డిసెంబర్‌లో. అప్పటికి ఆయన ఎమ్మెల్యేగా లేరు, పిటిషనరే ఆ సీటులో ఉన్నారు.

గుర్తు కోసం పోరు

పార్టీ రెండుగా చీలినప్పుడు టికెట్ తగాదా గుర్తు తగాదా అవుతుంది. బీ ఫారం మీద సంతకం చేసే హక్కు ఏ వర్గానిదన్నదే అక్కడ అసలు ప్రశ్న. గుర్తుల ఉత్తర్వు 15వ పేరా కింద తేల్చేది ఎన్నికల సంఘం. 1969 కాంగ్రెస్ చీలికపై 1971లో వచ్చిన సాదిక్ అలీ తీర్పు, మెజారిటీ ఎవరిదన్న కొలమానాన్ని ఆమోదించింది. 1995 ఆగస్టు సంక్షోభంలో తెలుగుదేశం చీలినప్పుడు ఎమ్మెల్యేల్లో అత్యధికులు చంద్రబాబు నాయుడి వెంట ఉన్నారు. సైకిల్ గుర్తు ఆ వర్గానికే దక్కింది. పార్టీ పెట్టింది ఎన్టీ రామారావే, జనం ఓట్లేసింది ఆయన ముఖం చూసే. లెక్కలో మాత్రం ఎమ్మెల్యేల తలలే పనికొచ్చాయి. 1996 జనవరి 18న ఆయన మరణించాక లక్ష్మీపార్వతి ఎన్టీఆర్ తెలుగుదేశం పేరుతో వేరే గుర్తుపై లోక్‌సభ ఎన్నికల్లో అభ్యర్థుల్ని నిలిపారు.

అమీర్‌పేట, పంజాగుట్ట

నాగార్జున సర్కిల్ దాటి నిమ్స్ వైపు పంజాగుట్ట ఖైరతాబాద్ శాసనసభ నియోజకవర్గంలో ఉంది. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మధ్య పార్టీల ఫ్లెక్సీలకు చోటు దొరకని అమీర్‌పేట సనత్‌నగర్ నియోజకవర్గంలోకి వస్తుంది. రెండూ సికింద్రాబాద్ లోక్‌సభ స్థానంలో భాగాలే.

సనత్‌నగర్ నుంచి 1989లో గెలిచి ముఖ్యమంత్రి అయిన మర్రి చెన్నారెడ్డి కోర్టు దెబ్బ ముందే తిన్న నాయకుడు. 1967 తాండూరు ఎన్నికపై వందేమాతరం రామచంద్రరావు వేసిన పిటిషన్‌లో అవినీతి చర్యల కింద హైకోర్టు ఆయన ఎన్నికను రద్దు చేసింది, 1968లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కేంద్ర మంత్రి పదవి పోయింది, ఆరేళ్ల అనర్హత పడింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రాజుకున్నది ఆ వెంటనే. ఆయన కుమారుడు శశిధర్‌రెడ్డి సనత్‌నగర్ నుంచి కాంగ్రెస్ తరఫున నాలుగుసార్లు గెలిచారు. 2018లో మహాకూటమి పొత్తులో ఆ సీటును కాంగ్రెస్ తెలుగుదేశానికి వదిలేసింది. కూన వెంకటేశ్ గౌడ్ నిలబడ్డారు, ఓడిపోయారు. తండ్రీకొడుకులు పలుమార్లు గెలిచిన సీటు పొత్తులో పోతే అడగడానికి ఏ కోర్టూ లేదు. శశిధర్‌రెడ్డి 2022లో బీజేపీలో చేరారు, 2023లో ఆ పార్టీ బీ ఫారంతో అదే సనత్‌నగర్‌లో పోటీచేశారు.

2014లో ఇక్కడ గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్‌ది తెలుగుదేశం టికెట్. ఆ ఏడాది డిసెంబర్ 16న ఆయన టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. ఎమ్మెల్యే పదవికి రాజీనామా ఇచ్చానన్నారు, స్పీకర్ దాన్ని ఆమోదించలేదు. విషయం హైకోర్టు దాకా వెళ్లినా అమీర్‌పేటకు ఉప ఎన్నిక రాలేదు.

పంజాగుట్ట కథ ఇంకా ముదురు. 2023 నవంబర్ 30 పోలింగ్‌లో ఖైరతాబాద్ ఓటర్లు బీఆర్ఎస్ (మునుపటి టీఆర్ఎస్) అభ్యర్థి దానం నాగేందర్‌ను గెలిపించి, కాంగ్రెస్ అభ్యర్థి, దివంగత నాయకుడు పీజేఆర్ కుమార్తె విజయారెడ్డిని ఓడించారు. 2024 మార్చిలో దానం కాంగ్రెస్‌లో చేరారు. ఎమ్మెల్యే పదవి వదలకుండానే సికింద్రాబాద్ లోక్‌సభకు కాంగ్రెస్ బీ ఫారంతో నామినేషన్ వేశారు. మే 13న ఎన్నిక జరిగింది, బీజేపీ అభ్యర్థి కిషన్‌రెడ్డి గెలిచారు. పార్టీ మారారా లేదా అని మిగతా ఫిరాయింపు కేసుల్లో వాదించుకోవచ్చు. కండువా కప్పుకోలేదనవచ్చు, ముఖ్యమంత్రిని మర్యాదకు కలిశాననవచ్చు. ఇక్కడ మాత్రం బీ ఫారమే సాక్ష్యం. ఒక పార్టీ ఎమ్మెల్యేగా ఉంటూ ఇంకో పార్టీ గుర్తుపై పోటీ చేసినట్టు ఎన్నికల సంఘం రికార్డులోనే ఉంది.

దానంతోపాటు, అలాగే పార్టీ మారారన్న ఎమ్మెల్యేలు కడియం శ్రీహరి, తెల్లం వెంకట్రావుల అనర్హత కోరుతూ వేసిన పిటిషన్లు స్పీకర్ దగ్గర కదలడం లేదని బీఆర్ఎస్ తరఫున పాడి కౌశిక్‌రెడ్డి, కె.పి. వివేకానంద, దానంపై బీజేపీ నేత ఏలేటి మహేశ్వర్‌రెడ్డి హైకోర్టుకు వెళ్లారు. నాలుగు వారాల్లో విచారణ షెడ్యూలు ఖరారు చేయాలని 2024 సెప్టెంబర్ 9న సింగిల్ జడ్జి ఆదేశించారు. నవంబర్‌లో డివిజన్ బెంచ్ ఆ ఆదేశాన్ని పక్కన పెట్టి, సముచిత కాలంలో తేల్చమని స్పీకర్‌కే వదిలేసింది. ఫిరాయింపుల నిరోధానికి 1985లో రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేరినప్పటి నుంచీ సముచిత కాలమంటే ఎంతో చట్టం చెప్పలేదు. ఆ ఖాళీలోనే తలసాని కాలం గడిచిపోయింది. 2025 జూలై 31న సుప్రీంకోర్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి గవాయ్, జస్టిస్ మసీహ్‌ల ధర్మాసనం డివిజన్ బెంచ్ తీర్పును కొట్టేసింది. ఈ ముగ్గురితో సహా మొత్తం పదిమంది ఎమ్మెల్యేలపై ఉన్న పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని స్పీకర్‌ను ఆదేశించింది. ఫిరాయింపులు తేల్చేటప్పుడు స్పీకర్ ట్రిబ్యునల్‌గానే పనిచేస్తారు కాబట్టి ఆ పనికి సభాపతి రక్షణలు వర్తించవని, అసలు ఈ అధికారం స్పీకర్ల చేతిలో ఉండాలా అన్నది పార్లమెంటు ఆలోచించాలని కూడా చెప్పింది.

కోర్టు తెరిచిన ఒక్క కిటికీ

పార్టీ ఫలానా వ్యక్తినే ఎందుకు ఎంచుకుందని సుప్రీంకోర్టు నేరుగా అడిగిన సందర్భం ఒకటుంది. నేరచరిత్ర ఉన్నవారికి టికెట్ ఇస్తే, ఆ కేసుల వివరాలూ, ఆ మచ్చలేని వారిని కాదని ఈ వ్యక్తినే ఎంచుకోవడానికి కారణాలూ పార్టీలు పత్రికల్లో, తమ సామాజిక మాధ్యమాల్లో ప్రకటించాలని 2020 ఫిబ్రవరి 13న ఆదేశించింది. గెలుస్తాడన్నది ఒక్కటే కారణం కాకూడదని కూడా స్పష్టం చేసింది. ఎంపిక జరిగిన 48 గంటల్లోపే ఇది జరగాలని 2021 ఆగస్టులో గడువు బిగించింది. ఆ ప్రకటనలు వెలువడుతున్నాయి. ప్రజాసేవ, నియోజకవర్గంలో పలుకుబడి, కేసులు రాజకీయ కక్షతో పెట్టినవి అన్న మాటలే పేర్లు మార్చుకుని పార్టీ తర్వాత పార్టీ వాడుకుంటున్నాయి.